మొగుడి పేరు

మొన్న మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టి నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. ఎన్నికలు గెలిపించిపెడతామని డబ్బు పుచ్చుకునే సలహాదారుల ఎత్తులూ జిత్తులూ చూసి అది నోరు వెళ్ళబెడుతుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే కంప్యూటర్లు లేని ఆ పందొమ్మిదివందల నలభైల్లోనే మా ఇంట్లో అలాంటి మనిషి ఒకడుండేవాడు.

ఆయన మా చిన్నాయన, చిత్తూరులో వకీలు గుమాస్తా, ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున ఎన్నిక నడిపించేవాడు. నాయన పోయాక అమ్మకూ నాకూ ఇంత ముద్ద పెడుతున్న నా టీచరు ఉద్యోగమూ ఆయన వేయించిందే. ఒక ఏడు నేను పనిచేసే నగరిలో ఎన్నికలొచ్చి, ఆడవాళ్ళ ఓట్లగదిలో జాబితా చూసి పేరు కొట్టేసే పని నాకు పడింది. ముందురోజు చిన్నాయన వచ్చి, "మనోళ్ళు కొందరొస్తారు, నువ్వు తలెత్తబాకు. ఉజ్జోగం ఉండల్లా వద్దా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నేను తలూపాను.

వేలికి సిరా పూయని రోజులవి, అడిగేదల్లా నీ పేరేంటి, మొగుడి పేరేంటి అనే. ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకని కాలం కనుక, అసలైన ఓటరమ్మ ఆ ప్రశ్నకు మెలికలు తిరిగి, నువ్వు చెప్పమ్మా అని పక్కనున్నామెను మోచేత్తో పొడిచేది. చిన్నాయన పంపినవాళ్ళు మాత్రం పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశారు. అంత తెలివైన మనిషీ వాళ్ళచేత పేర్లు వల్లె వేయించాడే గానీ సిగ్గుపడటం నేర్పడం మరిచిపోయాడు. దొంగ ఓటు ఎవరిదో నాకు తెలిసిపోతూనే ఉంది, కానీ గుమ్మానికి ఎదురుగా ఆయన నిలబడి చూస్తుంటే తలెత్తకుండా గీతలు గీస్తూ పోయాను.

మధ్యాహ్నం మగ్గం నేసేవాళ్ళ ఇల్లాలొకామె వచ్చింది. ఆమె పేరు అప్పటికే కొట్టేసి ఉంది.

"నేనిప్పుడే గదయ్యా వచ్చినాను!" అందామె, నా పక్కనున్న ఎన్నికల అధికారితో.

నువ్వే ఆమెవైతే మొగుడి పేరు చెప్పమని అధికారి గద్దించాడు. సాయానికి పక్కన ఎవరూ లేరు. చెంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళతో, పెళ్ళయ్యాక మొదటిసారేమో, ఆమె ఆ పేరు పైకి చెప్పింది. ఇందాకటామె కూడా అదే చెప్పిందని అధికారి పొమ్మన్నాడు. ఆమె నావైపు చూసింది. నేనొక్క మాట అంటే చాలు, అనలేదు.

చిన్నాయన మనిషి గెలిచాడు, నా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు మనవరాలు వాళ్ళాయన్ని వీధి చివరికి వినబడేలా పేరు పెట్టి పిలుస్తుంటే ముచ్చటగానే ఉంటుంది, మా కాలపు బిడియాలు పోయినందుకు నాకు విచారమూ లేదు. కానీ అది పిలిచినప్పుడల్లా చెంగు చాటున వణికిన ఆ గొంతే వినిపిస్తుంది. ఆ గదిలో సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా అని ఆమెకు చెప్పలేకపోయాను.