పన్నెండు క్యాబిన్లకు ఒక మనిషి

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండీ! తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు ఈ మాట అనేశాను, ఏమీ అనుకోకండి. గురువారం పొద్దున ఎనిమిది దాటాక పుట్టింది. నలభై ఏళ్ళు చేపలు తూచిన చెయ్యి నాది. పిల్లని చేతుల్లోకి తీసుకోగానే "మూడు కేజీలకి రవ్వంత తక్కువ" అన్నాను. నర్సమ్మ నవ్వి తూకం వేసి చూసింది. నా మాటే నిజమైంది.

ఈ సంగతి మొట్టమొదట చెప్పవలసిన మనిషికి ఆస్పత్రి వరండాలో నుంచే ఫోన్ చేశాను. గవర్నర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే భాయిగారికి. ఆయన ఎత్తలేదు. ఆయన భార్య ఎత్తింది. "అన్నయ్యా, తెల్లవారి నమాజు చేసుకొచ్చి టీ పెట్టమన్నారు. నేను టీ తెచ్చేలోపల పోయారన్నయ్యా" అంది. నోటి దాకా వచ్చిన శుభవార్త నోట్లోనే ఉండిపోయింది. అంత ఏడుపులోనూ ఆవిడ "అమ్మాయికెలా ఉంది?" అని అడిగింది. "వస్తున్నానమ్మా" అని పెట్టేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. నాది బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబం. బెజవాడ వచ్చి టోకున చేపలమ్ముకుని భవానీపురంలో ఇల్లు కట్టుకున్నాను. ఆయన గవర్నర్‌పేటలో కొట్టు పెట్టుకున్న ముస్లిం పెద్దమనిషి. అయినా ఈరోజు మా ఇంట్లో ఒక తల్లీ ఒక పిల్లా ఉన్నారంటే ఆయన చలవే. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను. చదివింది ఏడో తరగతి, తప్పులుంటే మీరే దిద్దుకోండి. మధ్యలో కోపం కూడా వస్తుంది. దాన్ని మాత్రం దిద్దకండి.

తొంభైల్లో ఆయనది ఎస్టీడీ బూత్. కైకలూరు నుంచి సరుకు బయల్దేరిందా లేదా అని కనుక్కోవడానికి రోజూ అక్కడికే వెళ్ళేవాణ్ణి. అద్దాల క్యాబిన్‌లో మనం మాట్లాడుతుంటే ఆయన బయట కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఉండేవాడు. చదివేవాడు కాదు. ఒకరోజు ఒకావిడ ఫోన్ పెట్టేసి బయటికి రాకుండా లోపలే నిలబడిపోయింది. భుజాలు కదులుతున్నాయి. బయట మేం అయిదారుగురం లైనులో ఉన్నాం.

"ఏంటి భాయ్, ఇంకెంతసేపు?" అన్నాడు ఒకడు.

"లైన్లు కలవట్లేదు బాబూ, ఎక్స్ఛేంజీలో ఏదో అయింది. కూర్చోండి" అన్నాడు ఆయన. అని, ఒక స్టూలు తీసుకెళ్ళి లోపల పెట్టి, ఫ్యాను అటు తిప్పి, తలుపు వేసి వచ్చేశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాక లైన్లన్నీ కలిశాయి!

నేను నవ్వుతూ అడిగాను, అబద్ధం బాగా ఆడతారే అని. "అన్నా, బూత్ వాడు చెవులు మూసుకోవాలి, కళ్ళు తెరుచుకోవాలి. మాట మనది కాదు. ముఖం మాత్రం మన కొట్లోనే ఉంది కదా, దాని బాధ్యత మనదే" అన్నాడు. అప్పుడు నాకది కొట్టువాడి కబురు లాగే అనిపించింది. సరుకు వచ్చిందని వినగానే మర్చిపోయాను.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఆయన అద్దాలు పీకేసి చెక్కతో పన్నెండు క్యాబిన్లు కట్టించాడు. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు కాలేజీ నుంచి అక్కడికే వెళ్ళేది. స్నేహితులంతా ఒకచోట చేరి ఫొటోలు పెట్టుకుని రాసుకునే సైటు ఒకటుందట. దాని పేరు నేను రాయను. రాస్తే చెయ్యి కడుక్కోవాలి.

ఆ సైటులో ఎవరో మా పిల్ల ఫొటో పెట్టి, ఆ పిల్లే రాస్తున్నట్టు ఒక పేజీ తయారు చేశారు. కింద చేపలబుట్ట బొమ్మ. "దగ్గరికి రాకండి, వాసన" అని ఒకడు, "కిలో ఎంత?" అని ఒకడు. నేను అమ్మిన చేప! దాని అన్నం తిని, దాని మీద ఫీజు కట్టి చదువుతున్న నా పిల్లని ఆ చేపతోనే కొట్టారు. పిల్ల మాకెవరికీ చెప్పలేదు. నాకు చెబితే నొచ్చుకుంటానని చెప్పలేదట, పిచ్చితల్లి. నేను ఏం చేశానో తెలుసా? బువ్వ సరిగా తినడం లేదని తిట్టాను. "కొర్రమేను పులుసు పెడితే మొహం తిప్పుకుంటావేం, అంత నాజూకైపోయావా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కొరుకుతుంది.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం. మార్కెట్ పని చూసుకుని వచ్చి భోంచేసి పడుకున్నాను. తలుపు ఊడిపోయేలా కొట్టారు. చూస్తే భాయిగారు. చెమటలు, ఒక కాలికే చెప్పు.

"అమ్మాయి ఇంటికొచ్చిందా?"

"లేదు భాయ్. ఏమైంది?"

"చొక్కా వేసుకో అన్నా. స్కూటర్ మీద చెబుతాను."

జరిగింది ఇది. ఆయన సెంటర్‌లో వచ్చినవాళ్ళు రిజిస్టర్‌లో పేరు రాయాలి. ఎవరూ సరిగా రాయరు, పొడి అక్షరాలు గీకి పోతారు. మా పిల్లా అంతే. ఆ రోజు మాత్రం వెళ్ళేటప్పుడు ఆగి, తన పూర్తి పేరు, నా పేరు, ఇంటి నంబరు, వీధి, ఇంటి ఫోను, అన్నీ గుండ్రంగా రాసింది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇబ్బంది పడకూడదన్నట్టు రాసింది. ఆయన ఆ రాత చూశాడు. ముఖం చూశాడు. ఏడవడం లేదు, చాలా నెమ్మదిగా ఉంది. అదే ఆయనకి నచ్చలేదు. పిలిచేలోపు మెట్లు దిగిపోయింది. నాలుగో నంబరు క్యాబిన్‌లోకి వెళ్ళి చూస్తే పేజీ తెరిచే ఉంది. ఇక తనకి బతకాలని లేదని నా పిల్ల ఆ సైటులో రాసింది. కింద తొమ్మిది మంది జవాబులు రాశారు. ఒకడు "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు. ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

పన్నెండు క్యాబిన్లలో జనాన్ని అలాగే వదిలేసి, షట్టర్ కూడా దించకుండా వచ్చేశాడా మనిషి.

మా వీధి చివర బస్టాపులో కనిపించింది. వచ్చిన బస్సు వచ్చినట్టు వదిలేస్తూ కూర్చుని ఉంది. నేను అరుస్తూ పరిగెత్తబోతే ఆయన నా చెయ్యి పట్టుకు ఆపాడు. తనే వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "అమ్మా," అన్నాడు, " కుర్చీ లోపలికి తొయ్యకుండా వచ్చేశావు. దారికడ్డం. రేపొచ్చి తొయ్యాలి నువ్వు."

"అంకుల్..." అంది. అంతే, కట్ట తెగింది. నన్ను కూడా చూడకుండా ఆయన భుజం మీద పడి ఏడ్చింది. ఆయన అన్నాడు, "నీ రాత చదివానమ్మా. తప్పే. చదవకుండా ఉంటే ఇంకా పెద్ద తప్పు చేసేవాణ్ణి. ఏది క్షమిస్తావో నువ్వే చెప్పు."

మర్నాడు నిజంగానే తీసుకెళ్ళాం. కుర్చీ తోసింది. అక్కణ్ణుంచి ముగ్గురం మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఏడాది పైన పట్టింది. మందులు, మాటలు, మళ్ళీ మందులు. భాయిగారి భార్య వారానికోసారి సేమియా చేసి పంపేది. మందుతో పాటు సేమియా కూడా పనిచేసిందని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

ఇక నా సంగతి. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ సైటుది ఇంత పెద్ద కంపెనీ అన్నప్పుడు గవర్నర్‌పేటలో ఆఫీసు ఉండకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. బీమాకి ఉంది, బ్యాంకులకి ఉంది, ఎరువుల కంపెనీలకి ఉంది! తెల్లకాగితం మీద అర్జీ రాయించి, స్టాంపు అంటించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. ఒక్కో బిల్డింగూ ఎక్కి "ఫలానా సైటు వారి ఆఫీసు ఎన్నో అంతస్తండీ?" అని అడిగాను. ఒక లాడ్జి గుమాస్తా "పైన మబ్బుల్లో ఉంది పెద్దాయనా, లిఫ్ట్ లేదు" అన్నాడు. మూడో వీధిలో భాయిగారే నన్ను పట్టుకున్నారు.

"దానికి గుమ్మం లేదన్నా" అన్నాడు.

"గుమ్మం లేని కొట్టుంటుందా?"

"ఇదొకటుంది."

తన కొట్టుకి తీసుకెళ్ళి నా అర్జీని ఇంగ్లీషులోకి మార్చి తనే టైపు చేశాడు. అక్కడ ఫిర్యాదుకి ఒక బొత్తాం ఉంటే నొక్కాడు. మర్నాడు జవాబొచ్చింది. మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు, పరిశీలించాం, మా నియమాలేవీ అతిక్రమించలేదు అని. మనిషి రాసింది కాదు, యంత్రం రాసిందట. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే ధన్యవాదం. ఆ దొంగ పేజీ మూడు నెలలు ఉంది. మా పిల్ల డాక్టరమ్మ దగ్గర కూర్చున్న మూడు నెలలూ ఉంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు బల్ల మీద చేత్తో కొట్టాడు. "నా కొట్లో స్టూలుంది, ఫ్యానుంది. వీళ్ళకి లోకమంత కొట్టుంది, ఒక్క స్టూలు లేదు" అన్నాడు.

కంప్యూటర్ పని చేసే మా అల్లుడితో ఈమధ్య కూడా వాదనకి దిగాను. మంచివాడే, కానీ చదువుకున్నవాడు.

"కోట్ల మంది రాస్తారు మావయ్యా. ఎవరేం రాశారో కూర్చుని ఎవరు చూస్తారు? అయినా అన్నీ చదివితే జనం ఊరుకుంటారా?"

"మొన్న నువ్వే చూపించావు కదా బాబూ. నువ్వు ఊరి పేరు రాస్తే పక్కనే ఆ ఊరి హోటలు ప్రకటన పడింది. అది ఎవరు చూసి వేశారు?"

"అది మనుషులు కాదు, ప్రోగ్రాం."

"హోటలు గదికి కన్ను పెట్టిన ప్రోగ్రాం, ప్రాణానికి పెట్టలేదా?"

నేను చదువుకోనివాణ్ణే. కానీ నదిలో స్నానాల రేవు కట్టినవాడు తాడు కూడా కట్టాలని తెలుసు. మునిగినవాడు తన ఇష్టంతో దిగాడు, నాకేం సంబంధం అంటే మా బెజవాడలో తంతారు. నా దుకాణంలో కుళ్ళిన చేప అమ్మితే నన్ను పట్టుకోవచ్చు, నా మొహం అక్కడే ఉంటుంది. వీళ్ళు కోట్ల మందిని ఒక చోటికి పిలిచి, కూర్చోబెట్టి, రాయండి రాయండి అని, ఒక పిల్ల చచ్చిపోతానంటే మాకు వినపడదంటారు! అందరి గుట్టూ చదవమని నేననడం లేదండీ. భాయిగారికే అది ఇష్టం లేదు. కానీ సాయమని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకడుండాలి. ఆ నవ్వుతున్న బొమ్మ పెట్టినవాణ్ణి ఆపే చెయ్యి ఒకటుండాలి. ఇది అడగడం కూడా తప్పేనా?

ఆయన ఏం చేశాడో చెబుతాను. కాగితం చింపి పన్నెండు చీటీలు రాశాడు. "మనసు బాగోలేకపోతే కౌంటర్ దగ్గరికి రండి. ఏమీ అడగను. కూర్చోవచ్చు." జిగురు పూసి క్యాబిన్‌కి ఒకటి అంటించాడు. పది నిమిషాల పని. ఈ నాలుగేళ్ళలో ఎంత మంది వచ్చి కూర్చున్నారని అడిగితే "వచ్చినవాళ్ళ లెక్క చెప్పకూడదన్నా" అనేవాడు.

గురువారం నేను ఆయన ఇంటికి బయల్దేరుతుంటే మా అక్క ఆస్పత్రి గేటు దగ్గర అడ్డం నిలబడింది.

"పచ్చి పురుడు పెట్టుకుని చావింటికి పోతావంట్రా? బుద్ధుందా నీకు? పసిగుడ్డురా!"

"ఆ పసిగుడ్డు వచ్చిందే ఆ ఇంటి నుంచి అక్కా" అన్నాను. ఆవిడ పక్కకి జరిగింది. "వచ్చాక తలస్నానం చేసి గాని పిల్లని ముట్టుకోకు" అంది, అంతే.

వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళడానికి సిద్ధం చేశారు. తెల్లటి బట్ట, అత్తరు వాసన. నన్ను చూసి ఆయన భార్య లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. "పుట్టిందా?" అంది. చావింట్లో ఆ మాట ఎలా చెప్పను? తల ఊపాను. "నాకు కాదన్నయ్యా. నిన్న సాయంత్రం కూడా ఆయన అడిగారు. తీసుకెళ్ళిపోతారు ఇప్పుడే. ఈలోగా ఆయనకే చెప్పండి" అంది.

వంగి చెప్పాను. గట్టిగానే చెప్పాను. "భాయ్, ఆడపిల్ల. మూడు కేజీలకి రవ్వంత తక్కువ. తల్లీ పిల్లా బాగున్నారు." ఎవరో ముసలాయన "మాషా అల్లా" అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళలో నుంచి "ఆడపిల్లంట" అన్న మాట ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళడం విన్నాను.

తర్వాత ఆవిడ, నేను కలిసి చెప్పవలసినవాళ్ళ పేర్లు రాసుకున్నాం. ఇటు నావాళ్ళు, అటు ఆయనవాళ్ళు. ఎవరికి చేసినా రెండు కబుర్లూ చెప్పాలని ఆవిడే అంది. బందరులో మా తమ్ముడు. కైకలూరులో మా చిన్నక్క, బావ. ఉయ్యూరులో మా వియ్యంకుడి చెల్లెలు. గుడివాడలో భాయిగారి తమ్ముడు. ఏలూరులో ఆయన మేనత్త, చెవులు వినపడవు, ఎవరైనా వెళ్ళి చెప్పాలి. గుంటూరులో మా మేనల్లుడు. బందరు రేవులోనే ఆయన బావమరిది.

అందరికీ అయింది. ఒక్కరు మిగిలారు. మా అమ్మాయి. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తోంది. "అంకుల్ ఇంకా రాలేదేం నాన్నా?" అని అడుగుతోంది.