చెంబు కింద మాట

మాటల ఆటలో గెలవడం ఎలాగని ఎవరైనా అడిగితే నేను అక్షరాల సంగతి తరువాత చెబుతాను. మాట పెట్టినవాడు పొద్దున లేచి ఎవరి మీద కోపంగా ఉన్నాడో ముందు కనుక్కోమంటాను. ఈ విద్య నాకు ఊరికే రాలేదు. దీనికోసం నేను పడ్డది మా అత్తవారింట్లో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

అవి యుద్ధం రోజులు. అత్తవారిది గురజాల దాటాక నాపరాతి గనుల పక్కన ఊరు. మామగారు మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికకు మాటల పోటీ జవాబులు పంపేవారు. ఒక్కసారీ బహుమతి రాలేదు. కాగితం కరువై పత్రికవాళ్ళు ఆ పోటీ ఆపేశాక, తాను ఓడిపోవడానికి వీల్లేని ఆట ఒకటి ఇంట్లోనే కల్పించుకున్నారు.

వసారాలో గోడకు చేరేసిన పెద్ద నాపరాతి పలక ఉండేది. రోజూ చద్దన్నాలు అయ్యాక మామగారు ఒక మాట తలచుకుని, చిన్న రాతిముక్క మీద సున్నపుగడ్డతో రాసి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించేవారు. ఎన్ని అక్షరాల మాటో చెప్పేవారు. మేము తలా ఒక మాట చెప్పాలి. ఆయన దాన్ని పలక మీద రాసి ఒక్కో అక్షరానికీ తీర్పు చెప్పేవారు. అక్షరం సరైన చోట ఉంటే “ఇంట్లో ఉంది”. మాటలో ఉండి చోటు తప్పితే “వీధిలో ఉంది”. అసలు లేకపోతే “ఊళ్ళో లేదు”. గుణింతాలూ ఒత్తులూ లెక్కలోకి రావు. చెప్పగలిగినవాళ్ళకు ఆ పూట పెరుగు మీది మీగడ. మాచర్ల రైలుబండి కూత వినిపించేలోగా ఎవరూ చెప్పలేకపోతే, చివరి వంతు ఎవరిదైతే వాళ్ళకు మర్నాడు పొద్దుటిదాకా ఆ మాటే పేరు. ఇంట్లోవాళ్ళు, పాలేర్లు, గని కూలీలు, అందరూ ఆ పేరుతోనే పిలవాలి.

వరస కూడా ఆయనే పెట్టారు. ముందు ఆడబిడ్డ, తరువాత మా ఆయన, చివర నేను. అత్తగారికి అక్షరాలు రావు గనుక ఆవిడ కూర్చుని నవ్వేది. చివర చెప్పేది ఎప్పుడూ కోడలే అయినప్పుడు పేరు ఎవరి నెత్తిన పడుతుందో చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. నేను పిడకనయ్యాను, చీపురునయ్యాను, ఒక రోజు కుడితినయ్యాను. “ఏమే కుడితీ, నీళ్ళు తోడావా” అని అత్తగారు పిలిస్తే పలికాను. మామగారి ఎదుట కోడలు నోరు విప్పే సందర్భం ఆ ఇంట్లో అదొక్కటే. అందుకని మానలేదు.

నాకు రెండు కడుపులు నిలవలేదు. రెండోది పోయి నేను తిరిగి పనుల్లో పడ్డ కొత్తలో, మామగారు చెంబు బోర్లించి మూడక్షరాలు అన్నారు.

ఆడబిడ్డ “మేడలు” అంది.

“మ ఊళ్ళో లేదు. డ ఇంట్లో. ల ఇంట్లో.”

మా ఆయన కాసేపు ఆలోచించి “గోడలు” అన్నాడు.

“మూడూ ఇంట్లోనే ఉన్నాయిరా. మాట మాత్రం అది కాదు.”

మా ఆయన పలక వంక చూశాడు, నా వంక చూశాడు, ఎద్దులకు మేత వేయాలని లేచి వెళ్ళిపోయాడు. ఆడబిడ్డ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. గ, డ, ల. అక్షరాలు రాని అత్తగారికి కూడా కూతురు చెవిలో చెప్పేసరికి అర్థమయింది.

“చెప్పవే, చానా తేలిక ఇయ్యాల,” అంది ఆవిడ. “నీకు తెలవని మాటేం కాదు.”

చెబితే నా నోటితో నన్ను నేను అనుకోవాలి. చెప్పకపోతే ఊరంతా అంటుంది. ఎటుపోయినా చావే ఉండేలా ఆయన ఆ మాట ఏరి పెట్టారు. మామగారు సున్నపుగడ్డ పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నారు.

“గొడ్డలి,” అన్నాను.

ఆయన దాన్ని పలక మీద రాశారు. “అక్షరాలు సరే. మాట కాదమ్మాయ్,” అన్నారు. బండి కూసింది. చెంబు తీశారు. గొడ్రాలు.

ఆ రోజు ఆ పేరుకు పలికాను. ఆట ప్రకారం పలకాలి. మర్నాడు పొద్దున దొడ్లో ఉంటే అత్తగారు మళ్ళీ అదే పేరుతో పిలిచింది. పేరు పోయింది కదా అన్నాను. “నోటికి అలవాటైపోయిందే, ఏం చెయ్యను,” అంది. గని కూలీలూ మానలేదు. ‘గొడ్రాలమ్మ మజ్జిగ పంపింది’ అని వాళ్ళు మర్యాదగానే అనుకునేవారు. మా ఆయన ఆ పిలుపు విన్నప్పుడల్లా ఎద్దుల దగ్గరకు పోయేవాడు. ఆ ఎద్దులకు దక్కినంత శ్రద్ధ నాకు దక్కలేదు.

పది మందిలో కాదు, ఒంటరిగా ఉన్నప్పుడే మామగారిని అడిగాను. “మావయ్యా, మర్నాటికి పేరు పోవాలని మీరే పెట్టారు. నాది పోలేదు.”

“పేర్లు నేను పెట్టానా అమ్మాయ్,” అన్నారు చుట్ట వెలిగించుకుంటూ. “పలక పెట్టింది.”

తరువాత నాకు పిల్లలు పుట్టారు. దాంతో ఆ పేరు అబద్ధమయిపోయిందిగా, ఇంకా ఎందుకు తవ్వుతావంటారు మావాళ్ళు. పిల్లలు పుట్టకపోతే ఆ పేరు న్యాయమయ్యేదా?

మామగారు అలా అన్న రోజునుంచి ఆ పేరు వదిలించుకోవడమే నా పని అయింది. చివరి స్థానంలో ఒక లాభం ఉంది. ముందువాళ్ళ తప్పులన్నీ చూడవచ్చు. మన మాటలు చాలావరకు లు మీదో డు మీదో ము మీదో ఆగుతాయి గనుక తోక ముందే పట్టుకోవచ్చునని కనిపెట్టాను. ఒక మాటలో ఒకే అక్షరం రెండుసార్లు వాడటం అడిగిందే మళ్ళీ అడగటమని తెలుసుకున్నాను. ‘ఊళ్ళో లేదు’ అన్నది కూడా కబురే, దానికి దిగులుపడకూడదు. ఇవన్నీ పట్టుబడ్డాక మీగడ కొన్నిసార్లు నాకే వచ్చింది. పేరు మాత్రం పోలేదు. గిన్నె అందిస్తూ “ఇంద గొడ్రాలా” అనేది అత్తగారు.

అప్పుడు పలకను వదిలి మామగారిని చూడటం మొదలుపెట్టాను. ఎద్దు కుంటిన రోజు చెంబు కింద ‘గిట్ట’ ఉంది. కంట్రోలు కొట్లో కిరసనాయిలు దొరకని రోజు ‘లాంతరు’ ఉంది. తెల్లవారి ఏది గుచ్చుకుంటే అది చెంబు కిందికి పోయేది. ఇంకో సంగతి కూడా గమనించాను. తనను కొట్టిన వస్తువు పేరు రాయడానికి సిగ్గయిన రోజు, తన చేతిలో ఉందనుకునే వస్తువు పేరు రాసేవారు. కూలీలు ఎదురు తిరిగి పని మానేసిన రోజున ‘కొరడా’ పెట్టారు. ఆయన ఇంట్లో కొరడా ఎన్నడూ లేదు.

ఒక రోజు తెల్లవారుజామున పేడకళ్ళు ఎత్తుతుంటే గోడ అవతల మామగారి గొంతు వినిపించింది. కొత్త బండి కొనాలి, పెట్టె తాళం ఇమ్మంటున్నారు.

“పెత్తనం చేసుకో, వద్దన్నానా,” అంది అత్తగారు. “తాళాలు మాత్రం నా బొడ్లోనే ఉంటై. ఇది మా నాయన కట్టిన ఇల్లు. నువ్వు ఆ అటక మీదున్న మూటొక్కటే తెచ్చుకొని వచ్చినోడివి, యాదుంచుకో.”

ఊరందరికీ తెలిసిందే అది. మామగారు ఆ ఇంటికి ఇల్లరికం వచ్చారు. గనులూ పొలమూ ఇల్లూ అత్తగారి తండ్రివి. తెలిసినా ఆ మాట ఆ గుమ్మంలో ఎవరూ అనరు.

ఆ పూట చెంబు బోర్లించి మామగారు మూడక్షరాలు అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

“మావయ్యా, ఇవాళ ముందు నన్ను చెప్పనివ్వండి.”

“ఏ ఆనవాలూ లేకుండానా? ఏందమ్మాయ్ అంత తొందర?”

“చెప్పగలిగితే నా పేరు తీసెయ్యాలి. రేపటి మాట నేను పెడతాను.”

ఆయన నవ్వారు. “చెప్పలేకపోతే ఆ పేరు కాటిదాకా నీదే. సరేనా?”

సరేనన్నాను. ‘తాళాలు’ కూడా మూడక్షరాలే. కానీ అది భార్య బొడ్లో ఉన్న వస్తువు. ఆయన రాయరు. ఆయన చేతిలో ఉందనుకునేది ఇంకొకటి ఉంది.

“పెత్తనం.”

ఆయన చెంబు తీయలేదు. ఆడబిడ్డ తీసింది.

మర్నాడు సున్నపుగడ్డ నా చేతికి వచ్చింది. నాలుగక్షరాలన్నాను. ఆడబిడ్డ “కలవరం” అంది.

“క వీధిలో. ల ఇంట్లో. వ ఊళ్ళో లేదు. ర వీధిలో.”

మా ఆయన “ఇటుకలు” అన్నాడు.

“ఇ ఇంట్లో. ట ఊళ్ళో లేదు. క వీధిలో. ల వీధిలో.”

చివరి వంతు, నా పాత వంతు, మామగారిది. లెక్క ఆయనకు నాకంటే బాగా వచ్చు. క మొదట లేదు, మూడోది కాదు, రెండోచోట ల ఉంది గనుక అది చివర ఉండాలి. ర మూడోది కావాలి. ఆయన కళ్ళు పలక మీద అలా ఒక్కో చోటికీ నడవడం చూశాను. మాట దొరికిన చోట ఆగిపోవడమూ చూశాను. చుట్ట ఆరిపోయింది. చెబితే తన నోటితో అనుకోవాలి. నాకు గొడ్డలి దొరికినట్టు తప్పించుకునే మాటైనా ఆయన వెతుక్కోలేదు. బండి కూసేదాకా అలాగే కూర్చున్నారు.

నేను చెంబు తీశాను.

“ఏందే అది, చదువు,” అంది అత్తగారు. ఆడబిడ్డ తండ్రి వంక చూసి, నెమ్మదిగా చదివింది. అత్తగారు తిడుతుందనుకున్నాను. కంచాలు పెట్టాక వసారాలోకి తొంగి చూసి, “ఇల్లరికం, అన్నానికి రా,” అంది.

సాయంత్రానికి గనుల్లోకి పాకింది. కూలీలు నన్ను పాత పేరుతో పిలవడం మానేశారు. న్యాయం తెలిసి మానలేదు. నోటికి ఇంకో పేరు దొరికింది.

ఆ మర్నాడు మామగారు కుడితి తొట్టి దగ్గరకు వచ్చారు. అంత దగ్గరగా వచ్చి మాట్లాడటం అదే మొదలు.

“అమ్మాయ్, రోజు దాటింది. పేరు పోయిందని మీ అత్తతో నువ్వొక మాట అను. మాట పెట్టింది నువ్వు గదా, నువ్వంటే ఇంటుంది.”

నేను తవుడు కలుపుతూనే ఉన్నాను.

“పేర్లు నేను పెట్టానా మావయ్యా,” అన్నాను. “పలక పెట్టింది.”

నాకు జాలి వేయలేదు. ఇప్పటికీ వేయదు. ఆయన వెళ్ళిపోయారు. ఆ వారంలోనే ఆ పలకను వసారాలోంచి తీయించి, రాత ఉన్న వైపు నేలకు వేసి, దొడ్లో చాకిరేవు బండగా పరిపించారు. మోయడానికి నలుగురు కూలీలు వచ్చారు. గుమ్మంలో బరువు మార్చుకుంటూ ముందున్నవాడు వెనకవాళ్ళకు చెప్పడం నేను విన్నాను, మామగారూ విన్నారు.

“నిదానంరా. గోడకి తగిలిందంటే ఇల్లరికం ఊరుకోడు.”