గొడుగాయన మనవలు

మ్యూజియం అటెండరు బాబాయికి ఒకటే జబ్బు: వచ్చినవాళ్ళకి గోడ మీది ఫోటోలో ఒక తాతయ్యని చూపించందే బయటికి పంపడు.

దేశ రాజకీయ చరిత్ర మ్యూజియం అది. రెండో గదిలో గోడంత ఫోటో: ఓటు హక్కు కోసం సాగిన ఊరేగింపు. ముందు వరసలో నాయకులు, వాళ్ళ కింద ఇత్తడి రేకుల మీద పేర్లు. వెనక వేలమంది జనం, ఒక్కరికీ పేరు లేదు. వాళ్ళ మధ్య గొడుగేసుకున్న ఒకాయన.

"మీ తాతగారు దీనికి వెళ్ళారా?" అని కదిలిస్తాడు బాబాయి.

"వెళ్ళాననే చెప్పేవాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు."

"అదిగో, గొడుగు! ముక్కు అచ్చం మీదే!"

చప్పిడి ముక్కుకీ అదే మాట, చిలక ముక్కుకీ అదే మాట. ఈ లెక్కన దేశంలో సగం మంది గొడుగాయన మనవలే. మిగతా సగం ఇంకా మ్యూజియం చూడలేదంతే.

మరమ్మతులకని మూడేళ్ళు మూసిన మ్యూజియాన్ని మళ్ళీ తెరిచే రోజు, పొద్దున్నే కొత్త డైరెక్టరమ్మ హెచ్చరించింది.

"బాబాయ్, ఇది చరిత్ర. రేకు మీద లేని ముక్క ఒక్కటి మాట్లాడారా, మిమ్మల్ని గోదాములో పెట్టెల దగ్గర కూర్చోబెడతాను. మళ్ళీ ఈ గది మొహం చూడరు."

"అలాగేనమ్మా."

ఆ "అలాగే" పదకొండింటి దాకానే నిలిచింది.

పదకొండున్నరకి రెండో గదిలో గొడవ. డైరెక్టరమ్మ పరుగెత్తింది. ఒక టైలరూ ఒక టీచరమ్మా గొడుగు మీద వేలు పెట్టి పోట్లాడుకుంటున్నారు.

"మా తాతయ్యండీ!"

"మీ తాతయ్యెలా అవుతాడు, మా తాతయ్యయితేనూ!"

బాబాయి మధ్యలో దూరాడు. "అంటే మీరిద్దరూ వరసకి అన్నాచెల్లెళ్ళన్నమాట!"

ఇద్దరూ ఒకళ్ళ ముక్కు ఒకళ్ళు పరీక్షగా చూసుకున్నారు. తరవాత క్యాంటీన్‌కి కలిసే వెళ్ళారు.

గది ఖాళీ అయింది. "అసలెవరాయన? నిజం చెప్పండి," అంది డైరెక్టరమ్మ.

బాబాయి తల గోక్కున్నాడు. "మా నాన్నేనమ్మా."

ఇంకో కట్టుకథ మొదలెట్టాడనుకుంది ఆవిడ. బాబాయి జేబులోంచి అరచేయంత ఫోటో తీశాడు. అదే మనిషి, అదే గొడుగు, దానికి అదే విరిగిన పుల్ల.

"సొంత నాన్నని జనానికి పంచిపెట్టారా!"

"పాపం, వెతుక్కుంటూ వస్తారమ్మా. దొరక్కపోతే మొహాలు వేలాడేస్తారు. మా నాన్న ఎవరేమడిగినా లేదనేవాడు కాదు."

ఆవిడ పెన్ను తీసింది. "పేరు చెప్పండి, రేకు చేయిస్తాను."

"వద్దమ్మా!" బాబాయి కంగారుపడ్డాడు. "పేరు పడిందంటే రేపొచ్చేవాళ్ళకి తాతయ్య ఉండడు."

ఆవిడ పెన్ను మూసేసింది. గోదాము మాటెత్తలేదు. గుమ్మం దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి వెనక్కొచ్చింది.

"మా తాతయ్య కూడా వెళ్ళాననే చెప్పేవాడు..."

"మీరు చేరిన రోజే అనుకున్నానమ్మా, ఆ ముక్కు చూసి!"