చెమట పట్టని జాడీ

1949 వేసవి. సూర్యాపేట ఊరి చివర మా బట్టీ. అందులో గ్లేజు పని నాది. గ్లేజు అంటే మట్టిపాత్ర మీద కరిగి అంటుకునే గాజుపూత. వెలిగారం, సోడా, పలుగురాయి పొడి కలిపి కరిగించి, చల్లార్చి మళ్ళీ నూరితే వచ్చే పొడిని ఫ్రిట్ అంటాం. పూతకు అదే ప్రాణం. సీసం కలిపితే పని సులువవుతుంది గానీ, పులుపు తగిలే పాత్రలో అది విషం. దాన్ని నేను మా గడప తొక్కనివ్వలేదు.

ఆ ఏడు మేం చేసిన ఊరగాయ జాడీలు అద్దంలా మెరిశాయి. బట్టీ పెద్ద మల్లయ్య వాటిని చూసి మీసం దువ్వుకున్నాడు. ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. కోదాడ నుంచి వెంకాయమ్మ గారు జాడీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చి దిగారు.

“ఇదేం జాడీ నాయనా? దీనికి చెమట పడుతోంది! నూనంతా కిందికి దిగిపోయింది. ముక్కకి బూజు కూడా పట్టింది.”

రజాకార్ల గడబిడల్లో నిజాం సరిహద్దు దాటి ఆంధ్ర వైపు వెళ్ళి, అవి సద్దుమణిగాక మళ్ళీ వచ్చి, కోదాడలో పూటకూళ్ళిల్లు తెరిచిన మనిషి ఆవిడ. బండివాళ్ళు ఆగేదే ఆవిడ ఆవకాయ కోసం. “పచ్చడి లేకపోతే నా గుమ్మం ఎవరు తొక్కుతారు? పెన్‌పహాడ్ తోటలో ఇంకా కాయుందంట. తొలకరి పడేలోపు మంచి జాడీలివ్వు. లేదంటే ఇల్లు మూసుకుంటాను” అన్నారు. ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

జాడీ లోపల సిరా పూసి తుడిచాను. సాలెగూడులాగా సన్నటి గీతలు బయటపడ్డాయి. దీన్నే క్రేజింగ్ అంటారు. మిర్యాలగూడ అంగడికి కట్టిన జాడీలన్నీ వెంటనే ఆపించాను.

మల్లయ్య మాత్రం తేలిగ్గా తీసిపారేశాడు. “గింతదానికి పరేషాన్ ఎందుకు? గోడకు నెర్రె పడితే ఏం జేస్తం? మల్ల అలుకుతం గద! ఇంకో పూత మందంగ ఎయ్యి, ఖతం.”

పుట్టిననాటి నుంచి గోడలు అలికిన చెయ్యి మరి. సరే, ఆయన మాట ఎందుకు కాదనాలని మందంగా పూసి కాల్చాం. బట్టీ తెరిచాక జాడీలు చల్లబడుతూ టింగు టింగుమని మోగడం మొదలుపెట్టాయి. ఒక్కో మోతా ఒక్కో పగులు. మల్లయ్య మొహం పాలిపోయింది. “సూడు, నవ్వుతున్నయ్ మనల్ని సూసి” అన్నాడు.

చల్లారేటప్పుడు మట్టీ ముడుచుకుంటుంది, గాజూ ముడుచుకుంటుంది. గాజు ఎక్కువ ముడుచుకుంటే పెద్దవాడికి పిల్లాడి అంగీ తొడిగినట్టు చిట్లుతుంది. పూత మందమైతే చిట్లడం మరీ ఎక్కువ. గాజు ముడుచుకోవడాన్ని పెంచేది సోడా, తగ్గించేది పలుగురాయి. మేమేమో మెరుపు కోసం సోడా దండిగా పోశాం.

చివ్వెంల వైపు నుంచి పలుగురాళ్ళు తెప్పించాం. నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే అవి పెళుసెక్కుతాయి. దుమ్ము లేవకుండా తడితోనే నూరాం. ఫ్రిట్‌లో సోడా తగ్గించి, ఆ పొడి పెంచాను. పలుగురాయి కరగడం కష్టం గనుక మంట ఇంకాస్త సేపు నిలిపాం. పూత పలచన చేశాం. బట్టీ పూర్తిగా చల్లారేదాకా తలుపు ముట్టనివ్వలేదు.

తెరిచిన రోజు చెవులు రిక్కించి కూర్చున్నాం. ఒక్క మోతా లేదు. ఒక జాడీని మరిగే నీళ్ళలోంచి తీసి చన్నీళ్ళలో ముంచాం, అలా పదేపదే చేశాం. సిరా పూస్తే శుభ్రంగా తుడుచుకుపోయింది. మెరుపు కాస్త తగ్గిన మాట నిజమే. “తగ్గితే తగ్గనియ్యి, నూనె ఆగుతది గద” అని మల్లయ్యే అన్నాడు. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. తొలకరికి ముందే జాడీలు కోదాడ చేరాయి.

అయినా ఒక భయం మిగిలింది. మట్టి నెమ్ము పీల్చి ఉబ్బితే, నెలలు గడిచాక కూడా పూత చిట్లుతుంది. అందుకే వానలు వెళ్ళాక కోదాడ వెళ్ళాను. పూటకూళ్ళిల్లు బండివాళ్ళతో నిండి ఉంది. వంటింట్లోకి వెళ్ళి జాడీ అడుగున చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యి పొడిగా ఉంది. ఎంత హాయిగా అనిపించిందో! అక్కడే గోడకు చేరగిలబడిపోయాను.

వెంకాయమ్మ గారు విస్తరి వేశారు. “జాడీని తర్వాత చూద్దువు గాని, ముందు ముక్క కొరికి చూడు” అన్నారు. ముక్క కరకరలాడింది.

అప్పటి నుంచి బట్టీ దిగిన జాడీని బాగుందని అనడం మానేశాను. ఒక వానాకాలం పోయాక కొన్నవాళ్ళింటికి వెళ్ళి, అడుగున చెయ్యి పెట్టి చూసి, అప్పుడంటాను.