కొండమ్మ ఆపని ఆట

బందరులో ఆటకీ పాటకీ కప్పున్న చోటు మొదట్లో ఒక రేకుల షెడ్డు. పొద్దున షటిల్, సాయంత్రం నాటకం. ఒక తుఫానుకి రేకులన్నీ ఎగిరిపోతే, ఊరి పెద్దలు చందాలేసుకుని కాంక్రీటు కప్పుతో ఇండోర్ స్టేడియం కట్టించారు. లోపల చెక్కల కోర్టు, చుట్టూ గ్యాలరీ, ఓ పక్క కచేరీలకి స్టేజీ. చేపలమ్మే కొండమ్మ కూడా దాన్ని చూసి మురిసిపోయింది. కోర్టుని చూసి కాదు, కప్పుని చూసి. చంటిపిల్లప్పుడే ఉప్పెనలో కన్నవాళ్ళని పోగొట్టుకున్న మనిషి మరి.

కిందటి తుఫానుకి ఆవిడ పేట జనమంతా ఆ హాల్లోనే తలదాచుకున్నారు. ఆ తర్వాత చెక్కలు ఉబ్బాయనీ, ఎండుచేపల వాసన పోవట్లేదనీ కమిటీవాళ్ళు గోల పెట్టారు. ఇకమీదట సభ్యులకీ, ఆట చూడ్డానికి వాళ్ళు తీసుకొచ్చే అతిథులకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదని బోర్డు పెట్టారు.

"అంతమంది బతికారన్న మాట ఒక్కడూ అనడేం?" అని కొండమ్మకి ఒళ్ళు మండింది. పక్కింటి సుబ్బరత్నమ్మని వెంటేసుకెళ్ళి ఇద్దరికీ సభ్యత్వం కట్టేసింది. ఇదెన్నాళ్ళ ముచ్చటలే అనుకుని సెక్రటరీ శోభనాద్రిగారు నవ్వుతూనే రసీదిచ్చారు.

చేపల బేరం అయ్యాక ఇద్దరూ చీరలు ఎగదోపి కోర్టులోకి దిగేవారు. బూట్లు లేకుండా ఆడకూడదన్నారు. "చెక్కల మీద గీతలు పడేది మీ బూట్లతోనండీ, నా కాళ్ళతో కాదు" అంది. వాసనన్నారు. "సబ్బు పెట్టే వచ్చానండీ. ఇంకా వస్తుంటే కిటికీ తీసుకోండి" అంది. మొదట్లో ఆవిడ బ్యాటు గాలిని తప్ప దేన్నీ కొట్టలేదు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ మాత్రం మానలేదు.

మళ్ళీ తుఫాను వచ్చింది. పేటలో ఉన్న పాత తుఫాను షెల్టరు పెచ్చులూడి కూలడానికి సిద్ధంగా ఉంది. అధికారులు చూపించిన బడి రేకులది. కొండమ్మ పొద్దున్నే కోర్టు బుక్ చేసి, పేటనంతా వెంటబెట్టుకొచ్చింది. "వీళ్ళంతా నా అతిథులు. ఆట చూడ్డానికొచ్చారు" అని వాచ్‌మన్‌కి చెప్పి గ్యాలరీ నింపేసింది. చెక్కల మీద ఒక్క కాలు పెట్టనివ్వలేదు. ఆ తర్వాత సుబ్బరత్నమ్మతో ఆట మొదలెట్టింది. ఇద్దరిలో ఎవరు గెలవబోయినా షటిల్‌ని కావాలని నెట్‌లోకి కొట్టేవారు. ఆట అయిపోతే అతిథులు లేవాలి కదా!

మధ్యాహ్నానికి గాలి హోరెత్తింది. శోభనాద్రిగారు తడిసి ముద్దయి వచ్చి, గ్యాలరీ చూసి నిర్ఘాంతపోయారు.

"ఏంటిది కొండమ్మా! ఈ ఆట ఎప్పటికవుతుంది?"

"గాలి తగ్గాకండీ."

"తమాషాగా ఉందా? కమిటీకి నేనేం చెప్పాలి?"

కొండమ్మ బ్యాటు దించింది. వగరుస్తూనే అంది.

"ఆపమంటే ఆపుతానండీ. కానీ వీళ్ళని మీరే పంపాలి, పేరుపేరునా పిలిచి. ఆ మూల కూర్చున్నది వెంకటలక్ష్మి, పచ్చి బాలింత. ఆ పక్కన ఎల్లయ్య మావయ్య. రెండు కళ్ళూ కనపడవు, పాపం, ఆయనా ఆట చూడ్డానికే వచ్చాడు. ముందు ఎవర్ని పిలుస్తారు?"

బయట ఏదో చెట్టు విరిగి పడింది. గ్యాలరీలో పసిపిల్ల ఏడుపందుకుంది. శోభనాద్రిగారు తలెత్తి కప్పుని చూశారు. ఆ తర్వాత వంగి, కాళ్ళ దగ్గర పడున్న షటిల్ తీసి కొండమ్మకి అందించారు.

"సర్వీసు నీదేగా? కానియ్" అన్నారు.