కూర్మారావు మావ చూసిపెట్టిన సూట్

టాల్కం పౌడరు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా మెడ బిగుసుకుంటుంది. ఈ చలిదేశపు రేవులో ఓడల అడుగున పట్టిన నాచు గీకడం నా పని. దిగే ముందు డ్రై సూట్ మెడ రబ్బరుకి పౌడరు రాస్తాను, తల సులువుగా దూరడానికి. ఒంటికి నీరు తగలనివ్వని సూట్ అది. రాస్తున్నంతసేపూ కూర్మారావు మావ గుర్తొస్తాడు, అసలే ఉన్న అలసట ఇంకాస్త పెరుగుతుంది.

మావ మా పక్కింటాయన. మందస దగ్గర మా ఊళ్లో అందరివీ జీడితోటలే. పరాయి దేశాల రేవుల్లో నీటి కింద పని చేసి బతికింది ఆయనొక్కడే. కిడ్నీలు పాడై తిరిగొచ్చేశాడు. బతుకంతా నీళ్లలో గడిపిన మనిషిని డాక్టర్లు తాగే నీళ్లు కూడా కొలుచుకోమన్నారు. నాకు ఈ పని ఇప్పించింది ఆయనే. కానీ సూట్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నాడు కాంట్రాక్టరు. సూట్ లేకపోతే పని లేదు, కొత్తది కొనే తాహతు మా ఇంట్లో లేదు. మావ ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, బొంబాయిలో పాత సామాను అమ్మే స్నేహితుడితో మాట్లాడాడు. కొన్నాళ్లకి రెండు పాత సూట్లు పార్సిల్లో పలాస చేరాయి. ఒకటి ఉంచుకుని రెండోది తిప్పి పంపాలి.

ఒకటి ఎర్రది, మెరుస్తోంది, బాగా వదులు. రెండోది నల్లది, మోకాళ్ల దగ్గర అతుకులు, ఒంటికి పట్టినట్టుంది. నేను ఎర్రదానిమీద చెయ్యేశాను. చిన్నప్పట్నుంచీ మాకు బట్టలంటే ఒక సైజు పెద్దవే. వదులుగా ఉంటే ఎక్కువ కాలం వస్తాయని మా ఇళ్లలో నమ్మకం.

"ఇస్కూలు సొక్కా అనుకున్నావేటిరా?" అన్నాడు మావ నీరసంగా. "నాను సెప్తే ఇనవు. తొడుక్కో, నూతి కాడికి పద."

"నడవడానికే ఓపిక లేదు గదా మావా నీకు."

"నా ఓపికతో నీకేటి పని? పద."

తోటలోని పెద్ద నేలబావిలోకి నా నడుముకి తాడు కట్టి దింపారు, ఆయనా, ఆయన భార్య సూరమ్మత్తా. ముందుకి వంగి ఈదమని కేకేశాడు మావ. వంగానో లేదో ఆ వదులు సూట్‌లో నిండి ఉన్న గాలంతా కాళ్లవైపు పోయింది. కాళ్లు బూరల్లా ఉబ్బి పైకి లేచాయి, తల నీళ్లలో ఉండిపోయింది. ఎంత గింజుకున్నా తిరగలేకపోయాను. చచ్చిపోతాననే అనుకున్నాను. వాళ్లిద్దరూ తాడు లాగి గట్టెక్కించారు. మావ ఆయాసంతో ఆ గట్టుమీదే వెల్లకిలా పడుకుండిపోయాడు.

"ఈ మనిసికి ఇంకా ఎందుకీ నీల్ల గోల?" అని అత్త కళ్లొత్తుకుంది.

"అక్కడ ఇలాగైతే లాగడానికి నానుండను," అన్నాడు మావ నావైపు చూడకుండానే. "నల్లదే నీది."

సాయంత్రం నల్ల సూట్‌లోకి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునురగ రాసి, సైకిల్ ట్యూబు చూసినట్టు బుడగల కోసం చూశాడు. ఒక్కటీ రాలేదు. తర్వాత నాకు తొడిగి, జబ్బుతో వాచిన తన వేళ్లు రెండు నా మెడ రబ్బరు కింద దూర్చాడు.

"బిగిత్తే కల్లు తిరుగుతాయి, వొదులైతే నీరొచ్చేత్తాది. దిగిన పెతిసారీ ఇలాగ సూసుకో," అన్నాడు.

నా మొదటి చలికాలంలోనే ఆయన పోయాడు. వెళ్లలేకపోయాను. నల్ల సూట్ ఎప్పుడో పనికిరాకుండా పోయింది. ఇప్పుడు కంపెనీయే ఇస్తోంది. ఒళ్లు మాత్రం మునుపటిలా సహకరించడం లేదు, ప్రతి ఉదయం మానేద్దామనే లేస్తాను. అయినా పౌడరు రాసుకుని, మెడ రబ్బరు కింద వేళ్లు దూర్చి చూసుకుని, నీళ్లలోకి దిగుతాను. మావ వేళ్లు లావు, నావి సన్నం. అందుకని నేను మూడు పెట్టుకుంటాను.