వేలు తియ్, ప్లగ్గు పెడతా

ఆ వయసులో నాకు అనుభవం తక్కువ, కోపం ఎక్కువ. ఇప్పుడు రెండూ సమానమయ్యాయని మా ఆయన అంటాడు (ఆ మాట అన్న పూట ఆయనకు కాఫీ బందు). డిగ్రీ అయిన ఏడాదే రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో ఆఫీసు పని దొరికింది. షెడ్డు యజమాని మా అమ్మకు వరసకు తమ్ముడు, నాకు మామ. ఆఫీసంటే కుట్టుమిషన్ల పక్కన చెక్క అడ్డం పెట్టిన గది. అందులో ఒక కంప్యూటరు, నేను, ఇంటర్నెట్టు మీద నడిచే ఒక బల్ల ఫోను. సెల్లు నెంబరిస్తే చిన్న షెడ్డనుకుంటారని మామ బెంగళూరు పార్టీకి ఆ ఫోను నెంబరొక్కటే ఇచ్చాడు. గొప్పలకు పోవడం మా వంశంలోనే ఉంది.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఆ పార్టీ ఫోను చేసి సీజను ఆర్డరు ఖాయం చేయాలి. ఎత్తకపోతే ఆర్డరు బళ్ళారికి పోతుంది. పోతే మిషన్లు మూతే. కుట్టే ఆడవాళ్ళు కూలికి పోదామన్నా ఆ ఏడు వాన లేక శనక్కాయ చేలన్నీ మాడిపోయి ఉన్నాయి. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఫోను తెర మీద ఇంగ్లీషులో ఒక బెదిరింపు పడింది. ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రాము కొత్తది ఎక్కించాలట, లేకుంటే కాల్స్ రావట. ఫోను నాకు ఆజ్ఞ వేయడమేమిటని ఒళ్ళు మండింది. అయినా మీట నొక్కాను. కరెంటు తీయవద్దని తెర మీద వచ్చింది. ఎర్ర దీపం మినుకుమంటోంది, కింద ఒక గీత నత్తలా పాకుతోంది.

ఈ నత్తనడకకు కారణం నెట్టేనని, కేబులాయన మీద అరవడానికి సెల్లు పట్టుకుని బయటికి పోయాను (లోపల సిగ్నలుండదు). తృప్తిగా అరిచి తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. మిషన్లన్నిటికీ మేస్త్రీ, షెడ్డంతా పెద్దక్కా అని పిలిచే ఆమె, ప్లగ్గును పాము తలలా బిగించి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవురు పీకమన్నారు నిన్ను?" అన్నాను.

"ఎవురు చెప్పల్ల? మనిషి లేకుండా దానంతట అదే మినుకుమంటాండాది. మన షెడ్డులో రూలేమి? తనంతట తాను ఆడే మిషన్‌కు ముందు ప్లగ్గు పీకల్ల, ఆమైన అడగల్ల. నువ్వు చేరిన పొద్దే చెప్పినానే!"

నేనన్న మాటలు ఇక్కడ రాయను. మామ వచ్చి చూసి, "నాకు గుండెలో ఎట్లో అయితాండాది, నువ్వే ఏమన్నా చెయ్ పాపా" అని కుర్చీలో కూలబడి మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు. బయటికి పోయి ఫోను కంపెనీ హెల్ప్‌లైనుకు చేస్తే, నా కాల్ తమకెంతో ముఖ్యమని ఒక గొంతు పాటకూ పాటకూ మధ్య చెప్పింది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా! చివరికి ఎవరో ఎత్తి, ఒక మీట నొక్కి పట్టుకుని కరెంటిస్తే ఫోను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకుంటుందన్నాడు. ఫోను బల్ల మీద, ప్లగ్గు ఆ చివర గోడకు. నేను మీట నొక్కి పట్టి, "పెట్టు పెద్దక్కా" అన్నాను.

"వేలు తియ్, ప్లగ్గు పెడతా."

"వేలు తీస్తే అది పని చెయ్యదు!"

"మిషన్ మీద మనిషి వేలుండంగ నేను పెట్టను. సచ్చినా పెట్టను."

"ఇది ఫోను! దీంట్లో సూది యాడుండాది?"

"ఆ పొద్దు నేను సూదికి దారమెక్కిస్తాంటే, ఏం కాదులే అనే స్విచ్చేసినారు" అని కుడిచేతి చూపుడువేలు చూపించింది. దానికి గోరు లేదు. ఆ వేలు నేను రోజూ చూసేదే, ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు జాలి రాలేదు, కోపమే వచ్చింది. కాకపోతే పెద్దక్క మీద కాదు, ఆ స్విచ్చి వేసిన మనిషెవరో వాళ్ళ మీద.

గడియారం నాలుగు వైపు పోతోంది. పెద్దక్క నా వైపు, గడియారం వైపు చూసి, "నువ్వు ఈడికి రా. ప్లగ్గు నువ్వు పెట్టు. నా వేలు నేను పెట్టుకుంటా" అంది. వచ్చి ఆ గోరు లేని వేలే మీట మీద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది. అది ఫోనని నాకు తెలుసు. తెలిసి కూడా ప్లగ్గును గోడ దాకా తీసుకుపోయి ఆగాను.

"ఏమన్నా అయితే కేకెయ్" అన్నాను.

"పెట్టవే!" అంది.

పెట్టాను. దీపం వెలిగింది, గీత కదిలింది. అది పూర్తయ్యేదాకా పెద్దక్క ప్లగ్గు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఫ్యాను స్విచ్చి కోసం వచ్చిన మామను కూడా తరిమేసింది. నాలుగు దాటాక ఫోను మోగింది. మధ్యాహ్నం నుంచి పోగైన కోపమంతా గొంతులోకి తెచ్చుకుని, రిసీవరెత్తి "ఎవురప్పా అది?" అని గర్జించాను. అవతల ఉన్నది బెంగళూరు పార్టీ. నా గర్జన విని ఆయన, "మీ దగ్గర పని గట్టిగానే జరుగుతున్నట్టుందమ్మా" అని ఆర్డరు ఖాయం చేశాడు.

ఇప్పుడు అనంతపురంలో మా ఆఫీసు ఫోన్లు నన్నడక్కుండానే వాటంతట అవే కొత్త ప్రోగ్రాము ఎక్కించుకుంటున్నాయి (అదీ నాకు కోపమే). ఇంట్లో మాత్రం మిక్సీ పెట్టే ముందు "వేలు తియ్!" అని అరుస్తాను. వంటగదిలో నేను తప్ప ఎవరూ ఉండరు. మా ఆయన హాల్లో పేపరు చదువుకుంటూనే, "తీసినాలే, పెట్టుకో" అంటాడు. ఆ మాట వినపడేదాకా నేను ప్లగ్గు పెట్టను.